ఇద్దరికీ చెడ్డదాన్నయ్యాను, ధన్యత ఎక్కడుంది?

ప్రశ్న: మా నాన్నగారు పోయాక అన్నయ్యకీ తమ్ముడికీ మాటల్లేవు. అమ్మ దాచుకున్న డబ్బు అన్నయ్య "ఆర్నెల్లలో తిరిగిచ్చేస్తా" అని తీసుకున్నాడు. అప్పుడు నేను పక్కనే ఉన్నాను. ఇప్పుడేమో అమ్మ ఇష్టపడి తనకే ఇచ్చేసిందంటున్నాడు. అమ్మ తమ్ముడి దగ్గర ఉంటుంది. మందులూ ఖర్చులూ అన్నీ వాడే చూసుకుంటున్నాడు. వాడు డబ్బు సంగతి ఎత్తితే అన్నయ్యకి కోపం. రెండేళ్ళుగా నేను వీళ్ళిద్దరి మధ్యా తిరుగుతున్నాను. ఇటు మాట అటు కాస్త మెత్తబరిచి చెప్తాను, అటు మాట ఇటు మెత్తబరిచి చెప్తాను. ఆ రోజు నేను అక్కడ ఉన్నానని మాత్రం ఎవరితోనూ అనలేదు. అంటే అన్నయ్య పూర్తిగా దూరమైపోతాడని భయం. ఇంత చేసినా అన్నయ్య, నేను తమ్ముడికి నూరిపోస్తున్నానంటాడు. మా మరదలు "మీరు అందరికీ మంచివాళ్ళే కదా వదినా" అని మొహం మీదే అనేసింది. ఫోన్ మోగితే గుండె దడ. రాత్రిళ్ళు నిద్ర లేదు. మావారు ఇక వదిలెయ్యమంటున్నారు. సంఘంలో ఒక పెద్దాయనతో చెప్పుకుంటే "సమాధానపరచువారు ధన్యులు, సహించమ్మా" అన్నారు. ఆ ధన్యత ఏమిటో నాకు కనిపించడం లేదు. వదిలేస్తే పాపమా? వాళ్ళిద్దరూ కలిసేదాకా ప్రభువు బల్లలో (చర్చిలో రొట్టె, ద్రాక్షారసం పంచుకునే సంస్కారంలో) పాలుపొందడానికి మనసొప్పక మానేశాను. అది సరైనదేనా? (ఒక సహోదరి)

సహోదరీ, మీది చిన్న బాధ కాదు. "సహించమ్మా" అన్న ఒక్క మాటతో తీసిపారేయాల్సింది అసలే కాదు. మీ ఉత్తరం మళ్ళీ మళ్ళీ చదివాక నాకు ఒకటి గట్టిగా అనిపించింది. ఈ రెండేళ్ళలో మీరు చాలా పోగొట్టుకున్నారు. అయితే అందులో కొంతే క్రీస్తు అడిగేది. మిగతాది ఆయన మిమ్మల్ని అడగనేలేదు. రెండూ ఒకే మూటలో కట్టుకుని మోస్తున్నారు కాబట్టే ఇంత బరువుగా ఉంది.

ఆ పెద్దాయన చెప్పిన వచనం మత్తయి 5:9. "సమాధానపరచువారు ధన్యులు, వారు దేవుని కుమారులనబడుదురు." ఈ వచనాన్ని మనం చాలాసార్లు ఒంటరిగా చదివి ఆపేస్తాం. దాని కిందే 10వ వచనం ఉంది, నీతి నిమిత్తం హింసింపబడేవాళ్ళు ధన్యులని. ప్రభువు ఈ రెండింటినీ పక్కపక్కనే పెట్టాడు. సమాధానం చేసేవాళ్ళకి దండలు వేస్తారని ఆయన ఎక్కడా చెప్పలేదు. దేవుడు వాళ్ళని తన పిల్లలంటాడు. తగువులో ఉన్న ఇద్దరూ వాళ్ళని ఏమంటారన్నది ఆ వచనంలో లేదు. మీ అన్నయ్య ఒక మాట, మీ మరదలు ఒక మాట అన్నారంటే అంతమాత్రాన మీరు దారి తప్పారని అర్థం కాదు.

మోషే సంగతే చూడండి. నిర్గమకాండం 2వ అధ్యాయంలో ఇద్దరు హెబ్రీయులు కొట్టుకుంటుంటే మోషే మధ్యలోకి వెళ్ళాడు. ఎదురుతిరిగింది ఎవరు? దెబ్బ తిన్నవాడు కాదు, తప్పు చేసినవాడు. మామీద అధికారిగా, తీర్పరిగా నిన్ను ఎవడు పెట్టాడని అడిగాడు. అంతకుముందు రోజు మోషే ఒక ఐగుప్తీయుణ్ణి చంపిన సంగతి కూడా ఎత్తిపొడిచాడు. మోషే అక్కణ్ణుంచి పారిపోయి మిద్యానులో తలదాచుకోవలసి వచ్చింది. అపొస్తలుల కార్యాలు 7వ అధ్యాయంలో ఆది సంఘంలోని స్తెఫను ఇదే సంగతి చెబుతూ, దేవుడు తన చేత వాళ్ళని విడిపిస్తున్నాడని తన సహోదరులు గ్రహిస్తారని మోషే అనుకున్నాడనీ, వాళ్ళు గ్రహించలేదనీ అంటాడు. మీకు ఇప్పుడు జరుగుతున్నది కొత్తేమీ కాదు. తప్పు చేసిన మనిషికి మధ్యలో నిలబడ్డవాళ్ళని చూస్తే మొదట వచ్చేది కోపమే. ఎదుటివాడితో పోట్లాడటం తేలిక. పక్కన ఒక సాక్షి నిలబడితే కష్టం.

ఇంతవరకు మీ వైపు మాట్లాడాను. ఇకమీదటిది కాస్త కష్టంగా ఉండవచ్చు. మీరు అడిగారు కాబట్టి, మీమీద గౌరవంతోనే రాస్తున్నాను.

కొత్త నిబంధనలో సమాధానపరచే పని ఎంత ఖర్చుతో కూడుకున్నదో దగ్గరగా చూడాలంటే నేను అపొస్తలుడు పౌలు ఫిలేమోను అనే విశ్వాసికి రాసిన పత్రిక తీస్తాను. ఒకే ఒక్క అధ్యాయం, ఒక్కసారి కూర్చుని చదివేయవచ్చు. ఒనేసిము ఫిలేమోను ఇంటి దాసుడు. యజమాని దగ్గర్నుంచి వెళ్ళిపోయాడు, ఏదో నష్టం కూడా చేసి ఉండవచ్చు. పౌలు చెరసాలలో ఉన్నాడు, ముసలివాడు. ఒనేసిము అక్కడ విశ్వాసి అయ్యాడు, పౌలుకి చేదోడుగా ఉన్నాడు. అతణ్ణి తన దగ్గరే ఉంచుకోవాలని ఉందని పౌలు దాచకుండా రాశాడు. అయినా వెనక్కి పంపాడు. నా ప్రాణంలాంటివాణ్ణి పంపుతున్నానన్నాడు.

అక్కడితో ఆగలేదు. అతడు నీకు నష్టం చేసి ఉంటే, నీకు బాకీ ఉంటే "అది నా లెక్కలో చేర్చుము" అని రాశాడు. సాధారణంగా పౌలు చెబుతుంటే వేరొకరు రాసేవారు. ఈ చోట మాత్రం తన చేత్తోనే రాస్తున్నానని చెప్పి, "నేనే దాని తీర్తును" అన్నాడు. చెరసాలలో ఉన్న ముసలాయన అప్పుపత్రం మీద సంతకం పెట్టినట్టే.

ఇందులో పౌలు ఏమేం పణంగా పెట్టాడో చూడండి. చేదోడుగా ఉన్న మనిషిని వదులుకున్నాడు. డబ్బుకి పూచీ పడ్డాడు. ఫిలేమోనుతో ఉన్న స్నేహాన్నే పందెంలో పెట్టాడు, ఎందుకంటే ఆ రోజుల్లో ఒక దాసుణ్ణి సహోదరుడిగా చేర్చుకోమని యజమానికి చెప్పడం మామూలు మాట కాదు. ఇన్ని వదులుకున్న పౌలు ఒక్కటి మాత్రం చెయ్యలేదు. జరిగిన నష్టం జరగనట్టు నటించలేదు. అప్పు ఉంటే అప్పు అనే అన్నాడు. అది ఎవరో ఒకరు తీర్చాలి కాబట్టి తాను తీరుస్తానన్నాడు.

ఇప్పుడు మీ ఇంటి సంగతికి వద్దాం. అమ్మ డబ్బు అన్నయ్య తీసుకున్నాడు, తిరిగిస్తానన్నాడు, మీరు విన్నారు. ఈ నిజం రెండేళ్ళుగా మీ దగ్గరే ఉండిపోయింది. మీరు నోరు విప్పకపోవడం వల్ల అయిన ఖర్చు ఎవరి ఖాతాలో పడింది? మీ నిద్ర పోయింది, నిజమే. కానీ మందుల డబ్బు తమ్ముడి జేబులోంచి పోతోంది. వాడు అబద్ధాలకోరు అన్న పేరు మోస్తున్నాడు. అన్నిటికంటే మీ అమ్మగారు. తన సొంత డబ్బు గురించి తన ఇష్టం ఏమిటో కొడుకు చెబుతుంటే ఆవిడ ఊరుకోవలసి వస్తోంది. మీ ఉత్తరంలో ఇద్దరు మగపిల్లల కోపం గురించి చాలా ఉంది, అమ్మ ఏమంటున్నారో ఒక్క ముక్క లేదు. ఆవిణ్ణి ఎవరైనా అడిగారా?

సమాధానం చేసేవాళ్ళు ఖర్చు తమమీద వేసుకుంటారు. మనకి తెలియకుండానే కొన్నిసార్లు ఆ ఖర్చుని ఎదురు చెప్పలేనివాళ్ళమీద వేసేస్తాం, మనం మాత్రం టెన్షన్‌తో నలిగిపోతాం. నలిగిపోతున్నాం కాబట్టి త్యాగం చేస్తున్నామనుకుంటాం. పాము చావకూడదు, కర్ర విరగకూడదు అన్న పద్ధతిలో నడిచే ఇళ్ళు చాలా ఉన్నాయి. విశ్వాసుల ఇళ్ళలో ఇంకా ఎక్కువ, ఎందుకంటే అక్కడ దీనికి ఒక వచనం కూడా తగిలిస్తాం. యిర్మీయా 6:14లో దేవుడు యాజకులనీ ప్రవక్తలనీ తప్పుపట్టింది ఇందుకే. సమాధానం లేనప్పుడు సమాధానం, సమాధానం అంటూ తన ప్రజలకున్న గాయాన్ని పైపైన మాత్రమే బాగుచేస్తున్నారని. పుండు లోపల కుళ్ళుతుంటే పైన కట్టు కట్టి ఊరుకున్నట్టు.

మీరు కావాలని చేశారని నేననడం లేదు. ఇద్దరి మాటలూ మెత్తబరిచి చేరవేసింది ప్రేమతోనే. కానీ ఏమైంది చూడండి. అన్నయ్య చేసిన పని ఎంత బాధపెట్టిందో అన్నయ్యకి ఇప్పటికీ పూర్తిగా తెలియదు, ఎందుకంటే తమ్ముడి మాట మీ దగ్గర సగం వడకట్టుకుని వెళ్ళింది. అన్నయ్య ఏమన్నాడో తమ్ముడికీ సరిగ్గా తెలియదు. వాళ్ళిద్దరూ రెండేళ్ళుగా ఒకరితో ఒకరు కాదు, మీతో పోట్లాడుతున్నారు. మీ మరదలు అన్న మాట గుచ్చుకుని ఉంటుంది, అనకుండా ఉండాల్సింది. అయినా ఆ అమ్మాయి కోపంలో ఒక ప్రశ్న ఉంది: నిజం తెలిసి కూడా వదిన ఎందుకు నోరెత్తడం లేదు? తనకి ఎవరూ చెప్పకపోయినా మీకు తెలుసని ఆమె పసిగట్టి ఉంటుందని నా అనుమానం.

నిజం చెబితే సమాధానం చెడుతుందన్న భయం మీకే కాదు, దేశాలకీ ఉంటుంది. దక్షిణాఫ్రికాలో వర్ణవివక్ష పాలన పోయాక పాత నేరాలను ఏం చెయ్యాలన్న ప్రశ్న వచ్చింది. అన్నీ మరిచిపోదాం అన్నవాళ్ళు ఉన్నారు. దానికి బదులు 1995లో చట్టం చేసి సత్యం, సయోధ్యల కమిషన్ ఏర్పాటు చేశారు. దానికి అధ్యక్షుడు ఆంగ్లికన్ ఆర్చ్‌బిషప్ డెస్మండ్ టూటూ. రాజకీయ కారణంతో చేసిన నేరానికి క్షమాభిక్ష దొరకవచ్చు, కానీ చేసింది పూర్తిగా బయటపెడితేనే. నిజం ముందు, తర్వాతే సయోధ్య. 1996 ఏప్రిల్‌లో మొదటి విచారణల్లో, చిత్రహింసలు పడిన ఒక మనిషి వీల్‌చైర్‌లో కూర్చుని తన కథ చెప్పలేక చెబుతుంటే టూటూ బల్లమీద తల వాల్చి అందరిముందూ ఏడ్చారు. 1998 అక్టోబర్‌లో నివేదిక ఇచ్చే వేళకి ఏం జరిగింది? తనమీద రాసింది బయటికి రాకూడదని దేశ మాజీ అధ్యక్షుడు డిక్లెర్క్ కోర్టుకెళ్ళారు, ఆ భాగం నల్లగా కప్పి అచ్చువేయాల్సి వచ్చింది. ఇంకోవైపు, ఏ ప్రజల విడుదల కోసం టూటూ జీవితమంతా నిలబడ్డారో ఆ ప్రజల పార్టీ, ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్ కూడా నివేదికని ఆపమని కోర్టుకెళ్ళింది. తమ పోరాటంలో జరిగిన తప్పులు కూడా రాశారని. కోర్టు ఒప్పుకోలేదు. నోబెల్ శాంతి బహుమతి అందుకున్న మనిషికే రెండు వైపుల నుంచీ ఇది తప్పలేదు.

ఆయనకీ మీకూ ఒక తేడా ఉంది. ఇద్దరూ ఆయనమీద కోపగించింది ఆయన నిజం బయటపెట్టినందుకు. మీరు మాత్రం నిజం దాచి కూడా మాటలు పడుతున్నారు. తిట్లు ఎలాగూ తప్పవన్నప్పుడు నిజం చెప్పి తినడమే నయం. ఆ తిట్లు తిన్న రాత్రి నిద్ర పడుతుంది.

అబీగయీలు నాకు ఈ విషయంలో చాలా ఇష్టమైన మనిషి. 1 సమూయేలు 25లో ఉంది ఆమె కథ. భర్త నాబాలు దావీదు మనుషులని అవమానించి పంపాడు. దావీదు నాలుగు వందల మందితో కత్తులు కట్టుకుని బయల్దేరాడు. తెల్లారేసరికి ఆ ఇంట్లో మగపురుగు మిగలకూడదని ఒట్టు పెట్టుకున్నాడు. అబీగయీలు రెండు వందల రొట్టెలు, వండిన అయిదు గొర్రెలు, ద్రాక్షారసం, ఎండుద్రాక్ష గెలలు, అంజూరపు పళ్ళ ముద్దలు గాడిదలమీద వేయించి ఎదురెళ్ళింది. దావీదుని చూడగానే గాడిద దిగి కాళ్ళమీద పడి, ఈ దోషం నాదని ఎంచమంది. తప్పు తనది కాకపోయినా తనమీద వేసుకుంది.

మనం ప్రసంగాల్లో ఇక్కడితో ఆపేస్తాం. తర్వాత ఆమె ఏం మాట్లాడిందో చదవండి. నాబాలు మూర్ఖుడని నాబాలు గురించి దాచకుండా చెప్పింది. అనవసరంగా రక్తం చిందిస్తే రేపు రాజువయ్యాక నీ మనసుకి అదొక మచ్చగా ఉంటుందని, కత్తి పట్టుకున్న దావీదు మొహం మీదే చెప్పింది. ఇంటికెళ్ళి, తాగి ఉన్న భర్తకి ఆ రాత్రి ఏమీ చెప్పలేదు. తెల్లవారి మత్తు దిగాక జరిగిందంతా చెప్పింది. ఎప్పుడు చెప్పాలో చూసుకుంది, చెప్పడం మాత్రం మానలేదు. నెమ్మదీ ధైర్యమూ రెండూ ఉన్నాయి ఆమెలో. మీలో నెమ్మది ఇప్పటికే ఉంది.

కాబట్టి "వదిలేస్తే పాపమా" అన్న ప్రశ్నకి నా జవాబు ఇది. మీరు ఇన్నాళ్ళు చేస్తున్న పనిని వదిలేయండి, అది పాపం కాదు. కబుర్లు మోయడం ఈ రోజుతో ఆపేయండి. మీవారు చెప్పింది అంతవరకు నూటికి నూరుపాళ్ళు సరైన మాట. కానీ ఒక పని మిగిలి ఉంది. అది మీరు తప్ప ఎవరూ చెయ్యలేరు.

మత్తయి 18:15 ప్రకారం మొదటి అడుగు ఒంటరిగా వెళ్ళి మాట్లాడటం. తమ్ముడికి ముందుగా చెప్పకండి. మరదలికి చెప్పకండి. అన్నయ్య దగ్గరికే వెళ్ళండి, ఫోన్‌లో వద్దు. వదిన పక్కన ఉంటే అన్నయ్యకి పరువు అడ్డొస్తుంది, అందుకని ఒక్కడే ఉన్నప్పుడు చూసుకోండి. మాట ఇలా ఎత్తవచ్చు: "అన్నయ్యా, అమ్మ నీకు డబ్బిచ్చిన రోజు నేను పక్కనే ఉన్నాను. తిరిగిస్తానని నువ్వన్నది నేను విన్నాను. రెండేళ్ళు ఎవరికీ చెప్పకుండా ఉన్నాను, అది నీకూ మంచి చెయ్యలేదు. ఇకమీదట ఎవరైనా నన్నడిగితే ఉన్నదున్నట్టు చెప్తాను. ముందు నీతో చెప్పాలని వచ్చాను." అంతే. రెండు నిమిషాలు పట్టదు. తర్వాత ఆయన మాట్లాడేది వినండి.

కోపం వస్తుంది, అనుకునే వెళ్ళండి. "నువ్వు కూడా వాడి పక్షమేనా" అంటాడు. అప్పుడు వాదించకండి, ఏడ్చి మాట వెనక్కి తీసుకోకండి. "నేను అమ్మ పక్షం" అని ఊరుకోండి. డబ్బు తీసుకున్నవాళ్ళు "ఇష్టపడి ఇచ్చింది" అనడం వెనక చాలాసార్లు దురాశ కంటే సిగ్గే ఎక్కువ ఉంటుంది. ఇవ్వడానికి చేతిలో లేక, లేదని చెప్పుకోలేక ఒక కథ అల్లుకుంటారు. అన్నయ్యది అదే పరిస్థితి అయితే ఆయన తలెత్తుకుని బయటపడే దారి ఒకటి మీరే చూపించండి. ఒకేసారి కాకపోయినా కొంచెం కొంచెంగా ఇవ్వమనండి, లేదా అమ్మ ఖర్చుల్లో నెలనెలా ఒక భాగం తీసుకోమనండి. పన్నులు వసూలు చేసే జక్కయ్య మారినప్పుడు లూకా 19లో అతని నోటివెంట వచ్చింది ఒక లెక్కే. ఎవరి దగ్గరైనా అన్యాయంగా తీసుకుని ఉంటే నాలుగింతలు ఇస్తానన్నాడు.

ఒక జాగ్రత్త. మీ మంచితనం నాకు కొంచెం తెలిసింది కాబట్టి చెబుతున్నాను. పౌలు లెక్క తనమీద వేసుకున్నాడని చదివి, అన్నయ్య బాకీ మీరే గుట్టుగా కట్టేసి "అన్నయ్యే పంపాడు" అని తమ్ముడికి ఇచ్చే ఆలోచన రావచ్చు. వద్దు. పౌలు బాహాటంగా రాసి ఇచ్చాడు. అమ్మ ఖర్చుల్లో మీ వంతు మీరు ఇవ్వగలిగితే మీ పేరుతోనే ఇవ్వండి. అన్నయ్య వంతు అన్నయ్యదే. గలతీ పత్రిక 6వ అధ్యాయం ఒకరి భారాలు ఒకరు భరించమంటుంది, మూడు వచనాలు దాటగానే ఎవరి బరువు వాళ్ళే మోసుకోవాలనీ అంటుంది. రెండూ దేవుని మాటలే.

ఆ తర్వాత తమ్ముడి దగ్గరికి వెళ్ళండి. వాడి దగ్గర మీ పని వేరు. "నాకు తెలిసి కూడా నీ తరపున మాట్లాడలేదు, నన్ను క్షమించరా" అనాలి. మరదలు ఉన్నప్పుడే అనండి, ఆ అమ్మాయి కూడా వినాలి. అన్నయ్యని క్షమించమని మాత్రం ఆ రోజు అడక్కండి. క్షమాపణ తమ్ముడు ఇవ్వాల్సింది, వాడి తరపున మీరు హామీ ఇవ్వకూడదు. "నువ్వు విశ్వాసివి కదా, సర్దుకుపోవాలి" అనే మాట నష్టపోయినవాడికే ఎప్పుడూ చెబుతుంటాం. నష్టం చేసినవాడికి చెప్పేవాళ్ళు తక్కువ. ఇది మన సంఘాల్లో మారాలని నా మనసారా కోరిక.

పంపకాలు, లెక్కలు తేల్చే తీర్పరిగా మీరు కూర్చోవద్దు. లూకా 12లో ఒకతను వచ్చి, పిత్రార్జితంలో నా పాలు పంచిపెట్టమని మా అన్నదమ్ముడితో చెప్పమంటే, ప్రభువే ఆ పని ఒప్పుకోలేదు. మీమీద నన్ను తీర్పరిగా ఎవరు నియమించారని అడిగి, లోభం గురించి హెచ్చరించాడు. అన్నయ్య వినకపోతే మత్తయి 18:16 చెప్పినట్టు ఒకరిద్దరిని తీసుకెళ్ళండి. ఇద్దరూ గౌరవించే మనిషి, డబ్బు లెక్క తెలిసిన మనిషి, నోరు జారని మనిషి అయితే మంచిది. వాళ్ళ ముందు అన్నదమ్ములు ఒకే గదిలో కూర్చుని ఎవరి మాట వాళ్ళే చెప్పుకోవాలి. మీరు అక్కడ సాక్షి, అంతే.

(ఇది చదివే మిగతావాళ్ళకి ఒక మాట. ఇంట్లో చెయ్యి చేసుకోవడం, బెదిరింపులు ఉన్నచోట ఈ పద్ధతి పెట్టుకోకండి. అక్కడ ఒంటరిగా వెళ్ళి మాట్లాడమనడం ప్రమాదం. దెబ్బలు తింటున్న మనిషిని ముందు క్షేమమైన చోటికి చేర్చాలి, చట్టం సాయం తీసుకోవాలి. తిరిగి అదే ఇంటికి పంపడానికి మత్తయి 5:9 వాడటం వాక్యానికి ద్రోహం.)

ఇంత చేసినా వాళ్ళు కలవకపోవచ్చు. దానికి మీరు బాధ్యులు కారు. అందరితో సమాధానంగా ఉండమనే రోమా 12:18 "శక్యమైతే మీ చేతనైనంత మట్టుకు" అని మొదలవుతుంది. పౌలు రెండు హద్దులు గీశాడు అక్కడ. కొన్ని శక్యం కాకపోవచ్చు, మన చెయ్యి కొంతవరకే వెళ్తుంది. ఆ పౌలే తన జతపనివాడు బర్నబాతో, మార్కు అనే సహోదరుణ్ణి వెంట తీసుకెళ్ళే విషయంలో తీవ్రంగా విభేదించి విడిపోయాడు, అపొస్తలుల కార్యాలు 15లో చూడవచ్చు. ఏళ్ళు గడిచాక 2 తిమోతి 4:11లో మార్కుని వెంటబెట్టుకు రమ్మని, అతడు నాకు ఉపయోగపడేవాడని రాశాడు. మధ్యలో ఏం జరిగిందో, ఎవరు ముందు మాట కలిపారో రాసిలేదు. ఫిలేమోను ఒనేసిముని ఎలా చేర్చుకున్నాడో కూడా ఆ పత్రికలో లేదు. పౌలు పత్రిక రాసి, మనిషిని పంపి, తన వంతు ముగించాడు.

మీ నిద్ర సంగతి. ఇన్నాళ్ళుగా నిద్ర లేకుండా, ఫోన్ మోగితే దడ పుట్టేంతగా ఉంటే డాక్టర్‌కి చూపించుకోండి. అది అవిశ్వాసం కాదు. ప్రవక్త ఏలీయా నిరాశతో చచ్చిపోతానన్నప్పుడు దేవుడు ముందు పడుకోనిచ్చాడు, రొట్టె పెట్టించాడు, మళ్ళీ పడుకోనిచ్చాడు. మాట్లాడటం ఆ తర్వాత. రాత్రి ఒక వేళ దాటాక అన్నదమ్ముల ఫోన్లు ఎత్తనని ఇద్దరికీ చెప్పేయండి. "నువ్వే వాడితో చెప్పుకో అన్నయ్యా", "నువ్వే అన్నయ్యతో మాట్లాడరా". ఈ రెండు మాటలూ అలవాటు చేసుకోండి. మొదట్లో వాళ్ళు నొచ్చుకుంటారు, మీకూ తప్పు చేస్తున్నట్టు అనిపిస్తుంది. అలాగే కొనసాగించండి. మీవారిని కూడా ఇందులో పక్కన ఉండమనండి. ఇన్నాళ్ళు ఆయన కూడా మీ ఏడుపు చూస్తూ భరించారు కదా.

ఇక ప్రభువు బల్ల. మీరు మానేసింది భక్తితోనే అని నాకు తెలుసు. మత్తయి 5:23-24 మీ మనసులో ఉండి ఉంటుంది, అర్పణ బలిపీఠం దగ్గర విడిచిపెట్టి ముందు వెళ్ళి సహోదరుడితో సమాధానపడమన్న మాట. కానీ అది మీమీద మీ సహోదరుడికి ఏమైనా విరోధం ఉంటే మీరు వెళ్ళాలని చెబుతుంది. వేరే ఇద్దరి మధ్య ఉన్న విరోధానికి మీరు దూరంగా ఉండాలని చెప్పడం లేదు. మీరు చెయ్యవలసిన ప్రయాణాలు రెండే. అన్నయ్య దగ్గరికి నిజంతో, తమ్ముడి దగ్గరికి క్షమాపణతో. అవి ఈ వారంలోనే అయితే వచ్చే ఆదివారం తప్పకుండా పాలుపొందండి. వాళ్ళిద్దరూ కలిశారా లేదా అని చూడకండి. కొలొస్సయి 1:20 ప్రకారం అక్కడ మీరు అందుకునేది సిలువ రక్తం చేత సంధి చేసినవాడి బల్ల. మీ ఇంటి లెక్కలు తేలేదాకా ఆయన దాన్ని మీకు మూసిపెట్టలేదు.

అన్నయ్య దగ్గరికి వెళ్ళేముందు అమ్మగారి దగ్గర కాసేపు కూర్చోండి. అన్నదమ్ముల సంగతి పక్కనపెట్టి, "అమ్మా, ఆ డబ్బు విషయంలో నీ మనసులో ఏముంది?" అని అడగండి. ఆవిడ ఏం చెబితే దాన్నిబట్టి అన్నయ్యతో మీరు మాట్లాడే తీరు కొంత మారవచ్చు. ఆవిడ నిజంగానే ఇచ్చేశానంటే, అది కూడా తమ్ముడికి ఆవిడ నోటితోనే తెలియాలి. ఏం జరిగిందో నాకు మళ్ళీ రాయండి. మీ కోసం ప్రార్థిస్తుంటాను.